పాఠకుల సందేహాలు: ఏ పేజీ తెరిచినా కుకీ చేరాలంటే

ప్రశ్న: మాది పర్లాకిమిడి. మా ఊరి కొమ్ముబొమ్మలు అమ్మే దుకాణానికి నోడ్ జేఎస్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్‌ను నడిపేది), దానిపై వెబ్‌సైట్లు కట్టే ఎక్స్‌ప్రెస్‌లతో వెబ్‌సైట్ తయారు చేస్తున్నాను. పాతపట్నం వైపు నుంచి వచ్చేవారికి తెలుగు, ఊళ్లో చాలామందికి ఒడియా కావాలి కనుక, ఎవరికి కావలసిన భాషను వారి కుకీలో, అంటే బ్రౌజర్ భద్రపరచుకునే చిన్న సమాచారంలో, దాస్తున్నాను. ఒక్కో రౌట్‌లో (ఒక్కో పేజీ చిరునామాకు జవాబిచ్చే కోడ్‌లో) విడివిడిగా రాయడం వల్ల కొన్నింటిలో మరచిపోయాను. హోం పేజీకి రాకుండా నేరుగా బొమ్మల పేజీ తెరిచినవారికి కుకీ అందడం లేదు. ఒక్కచోట రాస్తే అన్ని పేజీలకూ వర్తించే పద్ధతి ఉందా?

జవాబు: ఉంది. ఆ పనిని రౌట్ల నుంచి తప్పించి ఒక మిడిల్‌వేర్ ఫంక్షన్‌కు, అంటే రౌట్లకు ముందు నడిచే ఫంక్షన్‌కు, అప్పగించండి. సర్వర్‌కు వచ్చిన ప్రతి రిక్వెస్ట్, మీరు యాప్.యూజ్‌తో చేర్చిన ఫంక్షన్ల గుండా, మీరు రాసిన వరుసలోనే నడుస్తుంది. అందువల్ల ముందు కుకీ-పార్సర్ (వచ్చిన కుకీలను చదివి రెక్.కుకీస్‌లో ఉంచే మిడిల్‌వేర్), దాని వెనుక మీ భాషా ఫంక్షన్, ఆ తరువాతే రౌట్లు ఉండాలి. రెక్.కుకీస్‌లో భాష ఉందో లేదో ఆ ఫంక్షన్ చూసి, లేనప్పుడు మాత్రమే రెస్.కుకీతో పెట్టి, చివర నెక్స్ట్‌ను పిలవాలి. నెక్స్ట్ మరచిపోతే రిక్వెస్ట్ అక్కడే ఆగిపోయి పేజీ ఎంతకీ తెరుచుకోదు. బొమ్మల ఫొటోలను అందించే ఎక్స్‌ప్రెస్.స్టాటిక్‌ను వీటన్నిటికంటే పైన ఉంచితే, ప్రతి ఫొటోతోనూ కుకీ పంపవలసిన అవసరం ఉండదు.

మీరు తప్పక తడబడే చోటు ఒకటుంది, దాన్ని కాస్త వివరంగా చెబుతాను. రెస్.కుకీ అని రాసినంత మాత్రాన రెక్.కుకీస్‌లోకి ఆ విలువ వచ్చి చేరదు. అది బ్రౌజర్‌కు వెళ్లే జవాబు హెడర్లలో (పేజీకి ముందుగా వెళ్లే వివరాల పంక్తుల్లో) సెట్-కుకీ అనే పంక్తిని చేర్చుతుంది, అంతే. బ్రౌజర్ దాన్ని భద్రపరచి, తరువాతి రిక్వెస్ట్‌తో తిరిగి పంపినప్పుడే అది మీ ప్రోగ్రామ్‌కు కనబడుతుంది. కాబట్టి మొదటిసారి వచ్చిన వ్యక్తికి చూపే పేజీ కుకీని చదివి భాషను నిర్ణయిస్తే, అక్కడ ఏమీ ఉండదు. తేల్చిన భాషను అదే ఫంక్షన్‌లో రెస్.లోకల్స్‌లో (ఆ ఒక్క రిక్వెస్ట్ వరకు విలువలు దాచే చోట) కూడా ఉంచి, పేజీలన్నీ అక్కడి నుంచే చదివేలా చేయండి. జవాబు పంపేసిన తరువాత కుకీ పెట్టబోతే, హెడర్లు అప్పటికే వెళ్లిపోయాయన్న ఎర్రర్ వస్తుంది.

మొదటి భాషను బ్రౌజర్ పంపే యాక్సెప్ట్-లాంగ్వేజ్ హెడర్‌ను బట్టి ఊహించవచ్చు గాని, తెలుగు, ఒడియా రెండూ మాట్లాడే ఇళ్లలో కూడా ఫోన్ ఇంగ్లీషులో ఉండవచ్చు కనుక, పేజీ పైభాగాన రెండు భాషల బొత్తాలూ స్పష్టంగా కనబడాలని నా గట్టి అభిప్రాయం. కుకీ విలువను సందర్శకులు మార్చగలరు. మీరు అనుమతించిన రెండు భాషల్లో ఒకటైతేనే దాన్ని స్వీకరించండి. కుకీ పెట్టేటప్పుడు ఇచ్చే ఎంపికల్లో, ఇతర సైట్ల నుంచి వచ్చే రిక్వెస్ట్‌లతో కుకీ వెళ్లడాన్ని పరిమితం చేసే సేమ్‌సైట్‌ను లాక్స్‌గా ఉంచండి, సైట్ హెచ్‌టీటీపీఎస్‌లో నడుస్తుంటే, కుకీని దాని మీదే పంపించే సెక్యూర్ కూడా చేర్చండి. మరొక మాట: శోధన కోసం పేజీలను చదివే గూగుల్ ప్రోగ్రామ్ (క్రాలర్) కుకీలను ఒక పేజీ నుంచి మరొక పేజీకి మోసుకుపోదు. ఒడియా పేజీలు కూడా శోధనలో దొరకాలంటే వాటికి వేరే చిరునామాలు ఇవ్వక తప్పదు.

ప్రశ్న: బరంపురం నుంచి రాస్తున్నాను. మా పట్టుచీరల సైట్‌లో కుకీ 30 రోజులు ఉండాలని, ఎక్స్‌ప్రెస్‌లోని రెస్.కుకీలో దాని గడువు తెలిపే మ్యాక్స్ఏజ్‌కు 2592000 ఇచ్చాను. ముప్పావు గంట తిరగకముందే పోతోంది. కారణమేమిటి?

జవాబు: మీ లెక్క సెకన్లలో సరైనదే, సెట్-కుకీ పంక్తిలోనూ గడువు సెకన్లలోనే ఉంటుంది. కాని ఎక్స్‌ప్రెస్‌లోని రెస్.కుకీ మ్యాక్స్ఏజ్‌ను మిల్లీసెకన్లుగా తీసుకుని తానే 1000తో భాగిస్తుంది. అందుచేత మీ కుకీకి దక్కినది 2592 సెకన్లు, అంటే సుమారు 43 నిమిషాలు. 2592000000 అని ఇవ్వండి. 30, 24, 60, 60, 1000ల గుణకారంగా రాస్తే తరువాత చదివేవారికీ తేలికగా అర్థమవుతుంది.