పార్కిన్సన్స్‌కీ, ఏళ్ల తరబడి ఉన్న మలబద్ధకానికీ సంబంధం ఉందా?

మీ నాన్నగారికి చేతి వణుకు ఈ ఏడాదే మొదలైందనీ, మలబద్ధకం మాత్రం పదేళ్లుగా ఉందనీ రాశారు. ఆ రెండింటికీ సంబంధం ఉందా, ప్రోబయోటిక్స్‌తో (పేగులకు మేలు చేసే బాక్టీరియా ఉన్న మందులతో) జబ్బు తగ్గుతుందా అని అడిగారు. సంబంధం ఉండే అవకాశం చాలా ఉంది. జబ్బు తగ్గడం మాత్రం ప్రోబయోటిక్స్‌తో అయ్యే పని కాదు. నేను డాక్టర్ని కాదు. మా మామయ్యగారికి పార్కిన్సన్స్, ఆయన మందులూ భోజనమూ చూసేది నేనే. ఆయనకీ వణుకు కంటే ఎన్నో ఏళ్ల ముందే మలబద్ధకం ఉండేది. వయసు మీద పడితే మామూలేగా అనుకునేవారు ఇంట్లో అందరూ.

1817లో జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బు గురించి మొదటిసారి రాసినప్పుడే విరేచనం కాని బాధను ప్రస్తావించాడు. 2003లో హైకో బ్రాక్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఒక ప్రతిపాదన చేశాడు. ఆల్ఫా సిన్యూక్లిన్ అనే ప్రోటీన్ ముందు పేగుల నరాల్లో గడ్డకట్టి, పేగుల్నీ మెదడునూ కలిపే వేగస్ నరం వెంట మెదడుకు పాకుతుందని. అల్సర్ ఆపరేషన్‌లో ఆ నరాన్ని పూర్తిగా కోసేసినవాళ్లలో పార్కిన్సన్స్ తక్కువగా వచ్చిందని డెన్మార్క్ రికార్డుల్లో కనిపించింది. అలాగని అందరికీ పేగుల్లోనే మొదలవుతుందని కాదు, కొందరికి మెదడులోనే మొదలవుతుందంటారు.

మధ్యలో రోగనిరోధక వ్యవస్థ పాత్ర కూడా ఉంది. పేగు గోడ దెబ్బతిని వాపు రగులుతూ ఉంటే ఆ సంకేతాలు రక్తం ద్వారా మెదడు దాకా వెళ్తాయి. కొందరు రోగుల్లో టి కణాలు (ఒక రకం రోగనిరోధక కణాలు) ఆల్ఫా సిన్యూక్లిన్ ముక్కలనే శత్రువులుగా గుర్తిస్తున్నాయని 2017లో తేలింది. మా ఇంట్లో దీని ప్రభావం కళ్లారా చూశాం. మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు మామయ్యగారు ఒక్కసారిగా అయోమయంలో పడ్డారు, నడక ఆగిపోయింది. జబ్బు ముదిరిందని మాకు టెన్షన్. ఇన్ఫెక్షన్ తగ్గాక మళ్లీ లేచి నడిచారు. మీ నాన్నగారిలో కూడా హఠాత్తుగా ఇలాంటి మార్పు కనిపిస్తే ముందు ఇన్ఫెక్షన్ ఉందేమో చూపించండి.

ఇక రోజువారీ విషయం. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం ఇదే. పార్కిన్సన్స్‌కు ముఖ్యంగా వాడే మందు లెవోడోపా (సిండోపా లాంటి మాత్రలు) రక్తంలోకి వెళ్లేది చిన్నపేగు నుంచే. తిన్న ప్రోటీన్ కూడా అదే దారిలో పోటీకి వస్తుంది. మామయ్యగారు మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డపెరుగుతో తిని వెంటనే మాత్ర వేసుకునేవారు. సాయంత్రం దాకా చొక్కా గుండీ కూడా పెట్టుకోలేకపోయేవారు, గుమ్మం దగ్గరికి వస్తే అడుగు పడేది కాదు. న్యూరాలజిస్ట్ సలహాతో మాత్రను భోజనానికి అరగంట ముందుకు మార్చాం, పప్పూ గుడ్డూ ఎక్కువ భాగం రాత్రికి పెట్టాం. తేడా స్పష్టంగా తెలిసింది. మాత్రకు వికారం వస్తుంటే మాత్రం ఖాళీ కడుపున వద్దు, డాక్టర్ని అడగండి. ఐరన్ మాత్ర కూడా లెవోడోపాను పట్టనివ్వదు, రెండింటికీ మధ్య ఎడం ఉండాలి.

విరేచనం కాని రోజుల్లో మాత్ర సరిగా పనిచేయడం లేదనీ గమనించాం. అందుకే నీళ్లు, ఆకుకూరలు, నడక, డాక్టర్ రాసిన ఇసబ్‌గోల్ ఏ రోజూ మానం. ప్రోబయోటిక్స్‌తో పార్కిన్సన్స్ రోగులకు మలబద్ధకం కొంత తగ్గినట్టు ట్రయల్స్ ఉన్నాయి. అంతవరకు వాడొచ్చు, డాక్టర్‌కి చెప్పి. ఎవరో చెప్పారని దూలగొండి పొడి మాత్రం సొంతంగా మొదలుపెట్టకండి. అందులో నిజంగానే లెవోడోపా ఉంటుంది, మాత్రతో కలిస్తే డోసు ఎంతవుతుందో లెక్క తెలియదు.

ఇంకో మాట. వాంతులని ఏ ఆసుపత్రికి తీసుకెళ్లినా పార్కిన్సన్స్ ఉందని ముందే చెప్పండి. వాంతులు ఆపడానికి వాడే మెటోక్లోప్రమైడ్ అనే మందు ఇస్తే వణుకూ బిగుతూ పెరుగుతాయి. మేం ఆ పేరును ఎర్ర ఇంకుతో ఆయన ఫైలు అట్ట మీదే రాసి పెట్టాం.