కాటిసీనుకు కన్నీళ్ళు పెట్టుకుని ‘వన్స్ మోర్’ అనడమెందుకు?

ప్రశ్న: మా నాన్నగారు చుట్టుపక్కల ఏ ఊళ్ళో సత్య హరిశ్చంద్ర నాటకం వేసినా కాటిసీను కోసం తెల్లవార్లూ మేలుకుని కూర్చుంటారు. కళ్ళు తుడుచుకుంటూనే ‘వన్స్ మోర్’ అని కేక వేస్తారు. ఇంజనీరింగ్ చదువుతున్న మా అబ్బాయి మాత్రం ‘ఒక్క పద్యానికి అంతసేపు రాగం తీస్తే ఎవరు వింటారు తాతయ్యా’ అని లేచి వెళ్ళిపోతాడు. ఏడిపించే దృశ్యాన్ని చూసి ఆనందించడమేమిటి? ఒకే ఇంట్లో అభిరుచులు ఇంత వేరుగా ఎందుకుంటాయి? ఈ ఇద్దరిలో ఎవరిది సరైన అభిరుచి?
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: మీ మొదటి సందేహం మీద మన అలంకారికులు, అంటే కావ్యశాస్త్ర పండితులు, వెయ్యేళ్ళ కిందటే తర్జనభర్జన పడ్డారు. కాటిసీనులో ఏం జరుగుతుందో ఒకసారి చూడండి. పాముకాటుకు చనిపోయిన లోహితుణ్ణి చంద్రమతి శ్మశానానికి మోసుకొస్తుంది, కాటికాపరిగా ఉన్న భర్త ఆమెనే కాటిసుంకం అడుగుతాడు. ఇదే పక్కింట్లో జరిగితే మీ నాన్నగారు చేతనైన సాయం చేయడానికి పరుగెడతారే కానీ, అక్కడ ఒక్క క్షణమైనా ఆనందించలేరు. రంగస్థలం మీది పిల్లవాడు ఆయనకు బంధువు కాడు, అలాగని పూర్తిగా పరాయివాడూ కాడు. బిడ్డను పోగొట్టుకోవడం అనే దుఃఖం అక్కడ ఏ ఒక్కరి సొంతమూ కాకుండా చూసేవాళ్ళందరిదీ అవుతుంది. భట్టనాయకుడనే అలంకారికుడు దీనినే సాధారణీకరణం అన్నాడు. తానేదో ఒకటి చేసి తీరాలన్న ఒత్తిడి లేకపోవడం వల్ల మనసు ఆ భావంలోనే నిలిచి దానిని రుచి చూడగలుగుతుంది.

అయితే ఇది అందరికీ, అన్నివేళలా సాధ్యం కాదు. పదో శతాబ్దం చివర, పదకొండో శతాబ్దం ఆరంభంలో కాశ్మీరంలో జీవించిన అభినవగుప్తుడు నాట్యశాస్త్ర వ్యాఖ్యలో రసానుభవానికి, అంటే కళలోని భావాన్ని ఆస్వాదించడానికి, అడ్డుపడే ఏడు విఘ్నాలను చెప్పాడు. ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖాలలో మునిగి ఉండటం వాటిలో ఒకటి. నిన్నగాక మొన్న బిడ్డను పోగొట్టుకున్న తల్లిని కాటిసీనుకు తీసుకెళ్ళకూడదని మనకు ఏ శాస్త్రమూ చదవకుండానే తెలుసు. ఈ విఘ్నం తొలగడానికే నాటకంలో గానమూ వాద్యాలూ ఉన్నాయని, వాటి వల్ల హృదయం లేనివాడు కూడా సహృదయుడవుతాడని ఆయన అంటాడు. ఆ లెక్కన, మీ అబ్బాయికి విసుగు పుట్టిస్తున్న హార్మోనియమూ రాగాలాపనా, మీ నాన్నగారిని ఇంటి చికాకులనుంచి తప్పించి శ్మశానఘట్టంలోకి తీసుకెళ్తున్న వాహనమే.

కరుణం, అంటే శోకాన్ని పలికించే రసం, కూడా ఆనందమేనన్న మాటను అందరూ ఒప్పుకోలేదు. పన్నెండో శతాబ్దపు జైన పండితులు రామచంద్ర గుణచంద్రులు తమ నాట్యదర్పణంలో కరుణం దుఃఖమేనని, చివర మనకు కలిగే చమత్కారం, అంటే అబ్బురంతో కూడిన ఆనందం, కవి, నటుల నేర్పును చూసి కలిగేదని వాదించారు. పద్యనాటకం విషయంలో నాకు వీళ్ళ మాటే ఎక్కువ నచ్చుతుంది. లోహితుణ్ణి మళ్ళీ చంపమని ఏ ప్రేక్షకుడూ అడగడు. పద్యాన్ని మళ్ళీ పాడమనే అడుగుతాడు. పైగా ఈ ఘట్టంలో జనం ఎదురుచూసే పద్యాలు కొన్ని ఈ నాటకకర్త బలిజేపల్లి లక్ష్మీకాంతం రాసినవి కావు, కవి గుర్రం జాషువా శ్మశానవాటిక ఖండికలోవి. నటులు వాటిని తెచ్చి ఇక్కడ చేర్చుకున్నారు. కవి కలం, రాజు అధికారముద్ర, ఇల్లాలి నల్లపూసలు, చిత్రకారుడి కుంచె అన్నీ ఇక్కడే రూపుమాసిపోయాయని చెప్పే ఆ పద్యానికీ హరిశ్చంద్రుడి కథకూ నేరుగా సంబంధం లేదు. అయినా దానికే చప్పట్లు మోగుతాయి.

ఇక అభిరుచుల తేడా సంగతి. కావ్యాలతో నిరంతరం మెలగడం వల్ల మనసు అనే అద్దం నిర్మలమై, వర్ణించే వస్తువులో లీనం కాగలిగినవాడే సహృదయుడని అభినవగుప్తుడే మరోచోట చెప్పాడు. మీ నాన్నగారికి ఆ పద్యం ముందే కంఠస్థం. మాట ఎక్కడ ఆగుతుందో, రాగం ఎక్కడ అందుకుంటుందో, ఈ నటుడు నిరుటి నటుడి కంటే ఎక్కడ కొత్త దారి తొక్కాడో ఆయనకు తెలుసు. అందుచేత ఆ ఆలాపన ఆయనకు ఉత్కంఠ. సమాసం దగ్గరే అర్థం చేజారిపోయిన మీ అబ్బాయికి అది వట్టి నిరీక్షణ. అతని ఫిర్యాదును కొట్టిపారేయలేం కూడా. రాగం మితిమీరి నాటకాన్ని మింగేస్తోందన్న మాట నాటకరంగంలోనే చాలాకాలంగా ఉంది.

పరిచయం పెరిగితే ఇష్టం పెరుగుతుందని రాబర్ట్ జయాంక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1968లో ప్రయోగాలతో చూపించాడు. అలాగని బలవంతాన కూర్చోబెడితే పని జరుగుతుందనుకోకండి. బ్రిటన్‌లో 2013లో వెలువడిన ఒక అధ్యయనంలో విద్యార్థులకు విమర్శకులు అంతగా మెచ్చని థామస్ కింకేడ్ అనే అమెరికన్ చిత్రకారుడి బొమ్మలను పదే పదే చూపితే, చూసినకొద్దీ వాటి మీద ఇష్టం తగ్గింది. విమర్శకుల మెప్పు పొందిన ఆంగ్ల చిత్రకారుడు జాన్ ఎవరెట్ మిలే చిత్రాల విషయంలో అలా జరగలేదు. అలవాటు ఒక్కటే అభిరుచిని నిర్ణయించదు, కళలో ఉన్న సత్తా కూడా అందులో పాలు పంచుకుంటుంది. ప్రకృతి దృశ్యాల అందం విషయంలో ఏకీభవించినంతగా మనుషులు చిత్రకళ విషయంలో ఏకీభవించరని కూడా పరిశోధకులు గమనించారు.

ఎవరిది సరైన అభిరుచి అన్నదానికి కాళిదాసు దగ్గర మంచి జవాబు ఉంది. రఘువంశం ఆరో సర్గలో ఇందుమతి స్వయంవరం జరుగుతుంది. రాజులను ఒక్కొక్కరినే పరిచయం చేసే సునంద అంగరాజును ఎంత పొగిడినా, ఇందుమతి చూపు మరల్చి ‘పద’ అంటుంది. అక్కడ కాళిదాసు ఆ రాజు కోరదగనివాడు కాదనీ, ఆమెకు సరిగా చూడటం తెలియక కాదనీ, లోకం భిన్నరుచి అనీ అంటాడు. ‘లోకో భిన్నరుచిః’ అని మనం ఆ చివరిముక్కనే వాడి వాదన ముగించేస్తాం, ముందున్న రెండు షరతులను వదిలేస్తాం. వస్తువులో యోగ్యత ఉండి, చూసేవారికి దానిని గుర్తించే శక్తి ఉండి, ఆ తరువాత కూడా నచ్చకపోతేనే అది అభిరుచిభేదం. మీ అబ్బాయి ఇంకా ఆ దశకు రాలేదని నా అభిప్రాయం. అతను వినే పాటలను ‘గోల’ అని మీ నాన్నగారు కొట్టిపారేస్తూ ఉంటే ఆయనా రాలేదు. జాషువా పద్యాన్ని ముందు అచ్చులో చదివించి, అర్థం చెప్పి, ఆ తరువాత ఒక్క పద్యమే వినిపించి చూడండి. ‘బాగా పాడాడు, కానీ నాకు నచ్చలేదు’ అని అతను అనగలిగితే ఇక ఒత్తిడి చేయకండి.

ప్రశ్న: నాకు ఏ సంగీతం విన్నా ఏమీ అనిపించదు. స్నేహితులు నన్ను రసహీనుడంటారు. ఇది లోపమా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: కాదు. వినికిడి, స్వరజ్ఞానం సరిగానే ఉండి, డబ్బు గెలుచుకోవడం వంటి ఇతర విషయాలకు మామూలుగానే సంతోషిస్తూ, సంగీతానికి మాత్రం స్పందించని ఆరోగ్యవంతులు కొందరు ఉన్నారని బార్సిలోనా పరిశోధకులు 2014లో ప్రకటించారు. మీకు కథలో, బొమ్మలో, శిల్పంలో ఆనందం దొరుకుతూ ఉంటే మీరు బహుశా ఆ కోవకు చెందినవారే. ఒకప్పుడు ఇష్టపడినవన్నీ ఇటీవల ఒక్కసారిగా రుచించడం మానేసి ఉంటే మాత్రం అది అభిరుచికి సంబంధించిన సంగతి కాదు, వైద్యుణ్ణి కలవండి.