సల్ఫేట్ లేదు, పారాబెన్ లేదు, మరి దురద ఎందుకు? షాంపూ మీద మీ ప్రశ్నలు

ప్రశ్న: అక్కా, మాది కర్నూలు, జాబ్ కోసం బెంగళూరు వచ్చి మారతహళ్ళిలో పీజీలో ఉంటున్నా. వచ్చినప్పట్నుంచి జుట్టు బాగా ఊడుతోంది, దానికితోడు కనురెప్పలు, చెవుల వెనక, మెడ దగ్గర ఎర్రగా అయి ఒకటే దురద. రీల్స్ లో సల్ఫేట్, పారాబెన్ ఉన్నవి వాడకూడదు అన్నారని రెండూ లేనిది కాస్త రేటు ఎక్కువైనా కొన్నా, దురద ఇంకా ఎక్కువైంది గానీ తగ్గలేదు. అసలు ఏ కెమికల్స్ చూసుకోవాలి?

జవాబు: చెల్లీ, నీ లెటర్ లో నాకు ముందు కనపడింది జుట్టు కాదు, ఆ కనురెప్పలు. తల కడిగేటప్పుడు నురగ ఎటు కారుతుందో ఒకసారి గమనించు, నుదుటి మీంచి రెప్పల మీదకి, చెవుల వెనక్కి, మెడ మీదకి. మాడు చర్మం మందం కాబట్టి అక్కడేమీ తెలీకపోవచ్చు, రెప్ప చర్మం చాలా పల్చన కదా, ముందు అదే ఎర్రబడుతుంది. సరిగ్గా నీళ్ళు కారిన దారిలోనే దురద ఉందంటే షాంపూని గట్టిగా అనుమానించాల్సిందే.

ఇప్పుడు బాటిల్ తిప్పి వెనకాల ఇంగ్రీడియంట్స్ లిస్ట్ చివరి లైన్లు చదువు. మిథైల్ ఐసోథయాజోలినోన్, మిథైల్ క్లోరో ఐసోథయాజోలినోన్ అని కనపడితే ముందు దాన్ని పక్కన పెట్టు. ఇవి ప్రిజర్వేటివ్స్. షాంపూలో ఎక్కువ భాగం నీళ్ళే, ఏదో ఒక ప్రిజర్వేటివ్ లేకపోతే బాక్టీరియా, ఫంగస్ పెరిగిపోతాయి, అందుకని పారాబెన్స్ కి చెడ్డపేరు వచ్చి కంపెనీలు తీసేశాక ఆ ప్లేస్ లోకి ఇంకోటి రావాల్సి వచ్చింది, చాలా వాటిలో వచ్చినవి ఇవే, వీటితో అలర్జీలు కూడా బాగా పెరిగాయి. అమెరికాలో కాంటాక్ట్ డెర్మటైటిస్, అంటే ఏదైనా తగిలి చర్మానికి వచ్చే దురద, ఎరుపు చూసే డాక్టర్ల సొసైటీ 2013లో మిథైల్ ఐసోథయాజోలినోన్ ని ఆ ఏడాది అలర్జెన్ (అలర్జీ తెప్పించే పదార్థం) గా ప్రకటించింది. యూరప్ లో అయితే రాసుకుని వదిలేసే క్రీముల్లో పూర్తిగా బ్యాన్, కడిగేసే వాటిలో 0.0015 శాతం దాటకూడదు.

అందుకే పారాబెన్ ఫ్రీ అన్న మాట చూసి నేనైతే ఏ షాంపూనీ కొనను. యూరప్ 2014లో ఐదు రకాల పారాబెన్స్ ని ఆపేసింది నిజమే, కానీ ఎక్కువ వాడే మిథైల్ పారాబెన్, ఇథైల్ పారాబెన్ అక్కడ ఇప్పటికీ లిమిట్ లో వాడుకోవచ్చు, వాటితో చర్మానికి అలర్జీ రావడం చాలా తక్కువ.

ఇంకో గుంపు ఉంది, డీఎండీఎం హైడాంటోయిన్, ఇమిడజోలిడినైల్ యూరియా, డయాజోలిడినైల్ యూరియా, క్వాటర్నియం-15. ఇవి కూడా ప్రిజర్వేటివ్సే, బాటిల్ లో మెల్లమెల్లగా ఫార్మాల్డిహైడ్ అనే కెమికల్ వదులుతూ ఉంటాయి. ఫార్మాల్డిహైడ్ అనే పేరు లేబుల్ మీద వెతికితే దొరకదు, ఈ పేర్లే గుర్తుపెట్టుకోవాలి. క్యాన్సర్ భయం ముఖ్యంగా ఫ్యాక్టరీల్లో ఏళ్ళ తరబడి దాన్ని పీల్చేవాళ్ళ గురించి, షాంపూలో ఉండేది చాలా కొంచెం, కానీ అలర్జీ ఉన్నవాళ్ళకి ఆ కొంచెమే చాలు. తర్వాత పర్ఫ్యూమ్, అదొక్క మాట కింద ఎన్ని వాసన కెమికల్స్ అయినా ఉండొచ్చు, హెర్బల్ షాంపూల్లో కూడా.

సల్ఫేట్ సంగతి కూడా చెప్తా, అది నురగ తెప్పించి జిడ్డు వదిలించేది. సోడియం లారిల్ సల్ఫేట్ మాడుని ఎండబెడుతుంది, సెన్సిటివ్ చర్మాన్ని మండిస్తుంది, సోడియం లారెత్ సల్ఫేట్ దానికంటే మెత్తన. క్యాన్సర్ వస్తుందన్న ఫార్వర్డ్ లు నమ్మకు. సల్ఫేట్ ఫ్రీ అని రాసిన కొన్నింట్లో సోడియం సీ14-16 ఒలెఫిన్ సల్ఫోనేట్ ఉంటుంది, పేరులో సల్ఫేట్ లేదు కాబట్టి వాళ్ళు రాసింది అబద్ధం కాదు, కానీ అది కూడా నూనె బాగానే లాగేస్తుంది.

ఇక జుట్టు. రోజుకి 50 నుంచి 100 వెంట్రుకలు రాలడం మామూలే. రాలిన వెంట్రుక చివర చూడు, చిన్న తెల్ల బుడిపె ఉంటే కుదురు నుంచి వచ్చింది, లేకపోతే మధ్యలో తెగింది. తెగడం అయితే ట్యాంకర్, బోర్ ఉప్పునీళ్ళ పాత్ర కూడా ఉండొచ్చు, జుట్టు గరుకెక్కి చిక్కుపడి తెగుతుంది, షవర్ కి తగిలించే ఫిల్టర్లు చాలావరకు ఆ ఉప్పుదనం తీయలేవు, కండిషనర్ కాస్త మేలు. కుదురు నుంచి ఎక్కువగా వస్తుంటే షాంపూ మార్చి లాభం లేదమ్మా. రెండు మూడు నెలల ముందు జ్వరం వచ్చిందా, పీజీ తిండి నచ్చక సగం మానేశావా, అది ఆలోచించు, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పేది), థైరాయిడ్ టెస్ట్ చేయించు.

నెలరోజులు ఈ షాంపూ ఆపెయ్. ఫేస్ వాష్, వెట్ వైప్స్ వెనకాల కూడా ఇవే పేర్లు ఉన్నాయేమో చూడు, చాలామంది అక్కడ మర్చిపోతారు. తగ్గకపోతే స్కిన్ డాక్టర్ దగ్గర ప్యాచ్ టెస్ట్ అడుగు, అనుమానం ఉన్న కెమికల్స్ ని వీపు మీద అంటించి 48 గంటల తర్వాత తీసి చూస్తారు, మళ్ళీ ఒకట్రెండు రోజులకి ఇంకోసారి చూస్తారు. బాటిల్ పారెయ్యకుండా తీసుకెళ్ళు.

ప్రశ్న: మేడమ్, మా ఆయన వాడే డాండ్రఫ్ షాంపూలో జింక్ పైరిథియోన్ ఉంది. యూరప్ లో బ్యాన్ అంట కదా, మానిపించాలా? (కేఆర్ పురం)

జవాబు: 2022 మార్చి నుంచి అక్కడ బ్యాన్, నిజమే. జంతువుల మీద చేసిన టెస్టుల వల్ల దాన్ని సంతానానికి హాని చేసే లిస్ట్ లో పెట్టారు, ఆ లిస్ట్ లోకి వెళ్తే రూల్ ప్రకారం కాస్మెటిక్స్ లో ఆగిపోతుంది. కానీ కడిగేసే షాంపూలో 1 శాతం వరకు సేఫే అని వాళ్ళ సైంటిఫిక్ కమిటీయే చెప్పింది. వాడుకోవచ్చండి. మనసొప్పకపోతే కీటోకోనజోల్ అనే ఫంగస్ మందు ఉన్న షాంపూ గురించి డాక్టర్ని అడగండి.

ప్రశ్న: అక్కా, అనంతపురం నుంచి మా అత్తయ్య వచ్చారు, ఆవిడకి సాచెట్లే అలవాటు. మాడు దురద అంటున్నారు, సాచెట్ మీద చూస్తే ఇంగ్రీడియంట్స్ అసలు లేవు. ఇది మోసం కాదా? (యలహంక)

జవాబు: మోసం కాదమ్మా, రూలే అలా ఉంది. మన కాస్మెటిక్స్ రూల్స్ లో 60 ఎంఎల్ కన్నా చిన్న ప్యాక్ ల మీద ఇంగ్రీడియంట్స్ వెయ్యక్కర్లేదని మినహాయింపు ఉంది. నాకైతే ఇది అస్సలు నచ్చదు, మన ఊళ్ళల్లో ఎంతోమంది సాచెట్ తప్ప వేరే ఏదీ కొనరు, వాళ్ళకి చదువుకునే అవకాశమే లేకుండా పోయింది. దురద ఉన్నన్నాళ్ళు అత్తయ్యగారికి పూర్తి లిస్ట్ ఉన్న బాటిల్ తెచ్చివ్వండి, పైన చెప్పిన పేర్లు లేనిది, వాసన తక్కువున్నది. ఆవిడ కుంకుడుకాయ అడిగితే అదీ మంచిదే, గింజలు తీసి నానబెట్టి పిసికి పల్చటి గుడ్డలో వడగట్టండి, కళ్ళల్లో పడకుండా తల వెనక్కి వంచి పోయండి. జుట్టుకి రంగు వేస్తారేమో కూడా కనుక్కోండి, రంగులో పీపీడీ అనే కెమికల్ ఉంటే దానికి కూడా అచ్చం ఇలాగే దురద వస్తుంది.