రోజూ వెంట తిప్పుకోవడానికి ఏ మిర్రర్‌లెస్ కెమెరా (లోపల అద్దం లేనిది) మేలు: ఏపీఎస్-సీనా, ఫుల్ ఫ్రేమా?

సెన్సర్ (వెలుతురును ఫోటోగా మార్చే చిప్) చిన్నగా ఉండే ఏపీఎస్-సీ చాలు. ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ వైశాల్యం రెండు రెట్లకు పైనే కాబట్టి మసక వెలుతురులో సుమారు ఒక స్టాప్ (అంటే రెట్టింపు వెలుతురు) కలిసొస్తుంది. కానీ లెన్సుల బరువు మోయాలి. రాత్రి ఫోటోలే ఎక్కువైతే తప్ప దండగ.

ఏది కొన్నా బ్యాటరీ బెంగ తప్పదు. సెన్సర్, వ్యూఫైండర్ (కంటికి ఆనించి చూసే చిన్న తెర) రెండూ ఆగకుండా పనిచేస్తాయి మరి! సోనీ ఏ6400కు వ్యూఫైండర్ వాడితే కంపెనీ లెక్కే ఒక్క చార్జింగ్‌కు సుమారు 360 ఫోటోలు. స్పేర్ బ్యాటరీ ఉండాల్సిందే.

అసలు చిక్కు చప్పుడు చేయని ఎలక్ట్రానిక్ షట్టర్, అంటే సైలెంట్ షట్టర్‌తో. సెన్సర్‌ను వరుసవరుసగా చదువుతుంది కనుక కొన్ని ఎల్‌ఈడీ లైట్ల కింద అడ్డచారలు పడతాయి, వేగంగా కదిలేవి వంకరపోతాయి. 50 హెర్ట్జ్ కరెంటు ఉన్నచోట షట్టర్ స్పీడ్ 1/100 సెకను పెట్టి చూడండి. అప్పటికీ చారలు పోకపోతే మెకానికల్ షట్టరే గతి.

లెన్సు మార్చేటప్పుడు కెమెరా ఆపి, మౌంటును (లెన్సు బిగించే చోటును) నేలవైపు వంచండి. అద్దం అడ్డులేదు కాబట్టి దుమ్ము సెన్సర్ మీదే వాలుతుంది.