ట్యాబ్‌కి విడిగా సిమ్ కావాలా?

ప్రశ్న: మా అబ్బాయి చదువుకి, నా ఆఫీసు పనికి కలిపి ఒక ట్యాబ్ కొందామనుకుంటున్నాం. ఒకే మోడల్‌లో వైఫైతో మాత్రమే పనిచేసేది ఒకటి, సిమ్ కూడా వేసుకునేది ఒకటి ఉన్నాయి. సిమ్ ఉన్నదానికి ధర బాగా ఎక్కువ. ఫోన్‌లో హాట్‌స్పాట్ ఉండగా అది దండగ అంటాడు మా తమ్ముడు. కొన్నాక బాధపడతామేమోనని నా భయం. ఏది తీసుకోమంటారు?

మీ తమ్ముడి మాట చాలామంది విషయంలో నిజం. మీ విషయంలో నిజమో కాదో తేల్చే సంగతి మాత్రం మీ ప్రశ్నలో లేదు. మీరు ఫోన్ తీసుకుని బయటికి వెళ్లాక ట్యాబ్ ఎవరి దగ్గర ఉంటుంది?

చాలామంది "నేను వెళ్లేచోట వైఫై ఉంటుందా, ఉండదా" అని లెక్కలు వేసుకుంటారు. ఆ లెక్కతో తేలేది తక్కువ. వైఫై లేనిచోట కూడా మీ జేబులో ఫోన్ ఉంటుంది, ఆ ఫోనే వైఫై ఇస్తుంది. చూసుకోవాల్సింది ట్యాబ్‌కీ ఫోన్‌కీ మధ్య దూరం. రెండూ ఎప్పుడూ ఒకే బ్యాగులో తిరిగేవైతే ట్యాబ్‌కి ఇంకో సిమ్ అక్కర్లేదు. ఫోన్ ఒక దారిన, ట్యాబ్ ఒక దారిన పోయే గంటలు రోజూ ఉండి, ఆ గంటల్లో ట్యాబ్‌కి వేరే వైఫై ఏదీ అందకపోతే అప్పుడు సిమ్ అవసరం.

మీ ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి, అబ్బాయి ఇంట్లోనే చదువుకుంటే వైఫై ట్యాబ్ చాలు. బ్రాడ్‌బ్యాండ్ లేక, మీ ఫోన్ హాట్‌స్పాటే ఇంటికంతటికీ దిక్కయితే మీరు గడప దాటగానే వాడి పాఠం ఆగిపోతుంది. ఆ పరిస్థితిలో కూడా సిమ్ ట్యాబ్ ఒక్కటే దారి కాదు. సిమ్ వేసుకునే చిన్న వైఫై రూటర్లు, జేబులో పట్టేవి, దొరుకుతాయి. దాన్ని ఇంట్లో పెడితే ట్యాబ్‌తో పాటు ల్యాప్‌టాప్ కూడా నడుస్తుంది. రేపు ట్యాబ్ మార్చినా రూటర్ మిగులుతుంది.

ఇక హాట్‌స్పాట్ సంగతి. రెండేళ్లుగా ప్రయాణాల్లో నా పనంతా వైఫై ట్యాబ్ మీద, ఫోన్ హాట్‌స్పాట్‌తోనే చేస్తున్నాను. కాబట్టి దాని ఇబ్బందులు దగ్గర్నుంచి తెలుసు. మొదటిది బ్యాటరీ. హాట్‌స్పాట్ పెట్టినప్పుడు ఫోన్ ఒక పక్క టవర్‌తో, ఇంకో పక్క వైఫైతో ట్యాబ్‌తో మాట్లాడుతూనే ఉండాలి. రైలు కదిలే కొద్దీ టవర్లు మారుతుంటే ఇంకా కష్టపడుతుంది, వేడెక్కుతుంది. దిగే స్టేషన్ వచ్చేసరికి ట్యాబ్‌లో కావలసినంత ఛార్జింగ్ ఉంటుంది గానీ, బండి పిలవాల్సిన ఫోన్ మాత్రం నీరసపడిపోయి ఉంటుంది. పవర్ బ్యాంక్ లేకుండా ఈ పద్ధతి పెట్టుకోవద్దు.

రెండోది, మాటిమాటికీ తెగిపోవడం. ట్యాబ్ కవరు మూస్తే అది నిద్రలోకి జారుకుంటుంది. కాసేపటికి తనతో ఎవరూ కలిసి లేరని ఫోన్ హాట్‌స్పాట్ ఆపేస్తుంది. మళ్లీ కవరు తీస్తే ఫోన్ బయటికి తీయాలి, హాట్‌స్పాట్ నొక్కాలి, ట్యాబ్‌లో పేరు కనబడేదాకా చూడాలి. ఆండ్రాయిడ్ ఫోన్లలో చాలావరకు హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లోనే "వాడకం లేకపోతే దానంతటదే ఆగిపోవాలి" అనే మీట ఉంటుంది, దాన్ని ఆపేస్తే ఈ బాధ తగ్గుతుంది. ఐఫోన్ అయితే ట్యాబ్ కలిసేదాకా పర్సనల్ హాట్‌స్పాట్ పేజీని తెరిచే ఉంచండి. ఐఫోన్ 12, ఆ తర్వాతి వాటిలో "మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ" అని కూడా ఉంటుంది. పాత ట్యాబ్‌లకి హాట్‌స్పాట్ పేరు కనబడకపోతే అది ఆన్ చేసి చూడండి.

మూడోది డేటా, నన్ను బాగా దెబ్బతీసింది ఇదే. వైఫైకి కలిసినప్పుడు అది ఇంటి వైఫైయా, ఫోన్ ఇస్తున్నదా అన్న తేడా ట్యాబ్‌కి అన్నిసార్లూ తెలియదు. ఒక ఉదయం అరపేజీ వ్యాసం పంపడానికి హాట్‌స్పాట్ పెట్టాను. ఈలోపు ట్యాబ్ అంతకుముందు రోజు తీసిన వీడియోలన్నీ బ్యాకప్‌కి పంపేసింది. వ్యాసం వెళ్లకముందే ఆ రోజు డేటా అయిపోయింది. ఐప్యాడ్‌లో వైఫై సెట్టింగ్స్‌కి వెళ్లి, మీ ఫోన్ పేరు పక్కనున్న "ఐ" గుర్తు నొక్కి "లో డేటా మోడ్" పెట్టండి. 2019లో ఐప్యాడ్ఓఎస్ 13తో వచ్చిన సదుపాయం ఇది. ఆండ్రాయిడ్ ట్యాబ్‌లో అదే నెట్‌వర్క్‌ని "మీటర్డ్"గా, అంటే డేటాకి లెక్క ఉన్నదిగా గుర్తు పెట్టండి. వీడియోలకి ఒక చిన్న లెక్క గుర్తుంచుకుంటే చాలు: సెకనుకి 1 మెగాబిట్ (1 ఎంబీపీఎస్) చొప్పున గంట చూస్తే 450 ఎంబీ. స్పష్టంగా కనబడే హెచ్‌డీ 5 ఎంబీపీఎస్ దాకా లాగితే గంటకి 2.25 జీబీ. ఫోన్‌లో తక్కువ నాణ్యతతో సరిపెట్టుకునే కన్ను పెద్ద తెర మీద సరిపెట్టుకోదు. సిమ్ ట్యాబ్ కొన్నా ఈ లెక్క మారదు.

కొనేముందు ఒక్క రెండు వారాలు ఆగండి. ఇంటి బయట ట్యాబ్ ఉంటే బాగుండునని అనిపించిన ప్రతిసారీ ఫోన్‌లో ఒక ముక్క రాసుకోండి: అప్పుడు ఫోన్ దగ్గరుందా, పని ఎంతసేపటిది. అబ్బాయి తరఫున కూడా రాయండి. ఇప్పటికే ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ వాడుతుంటే ఇంకా సులువు, దానికి ఎంత డేటా పోయిందో ఫోన్ డేటా వాడకం పేజీలో విడిగా కనబడుతుంది. రెండు వారాల్లో రెండు మూడు సార్లకి మించి ఏమీ రాయలేదంటే సిమ్ ట్యాబ్ మాట మరిచిపోండి.

మీ భయంలో ఒక న్యాయం ఉంది, కాదనను. వైఫై ట్యాబ్‌కి తర్వాత సిమ్ అమర్చడం కుదరదు. సిమ్ సిగ్నల్ అందుకునే మోడెమ్, యాంటెనాలు తయారీలోనే లోపల ఉండాలి. 2010లో వచ్చిన మొదటి ఐప్యాడ్‌ని చూస్తే ఇది కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. వైఫై ఐప్యాడ్ 680 గ్రాములు, 3జీ ఐప్యాడ్ 730 గ్రాములు. లోహంలోంచి సిగ్నల్ పోదు కాబట్టి 3జీ దానికి వెనక పైఅంచున నల్లటి ప్లాస్టిక్ పట్టీ పెట్టారు. ఇప్పుడా బరువు తేడా కొద్ది గ్రాములకి దిగింది గానీ లోపలి సంగతి అదే. అయినా ఆ భయంతో కొనొద్దంటాను. ఎందుకంటే రేపు అవసరం పడినా హాట్‌స్పాట్, రూటర్ రెండూ ఉన్నాయి. చాలా ట్యాబ్‌లలో తర్వాత పెంచుకోలేనిది ఇంకోటి ఉంది, స్టోరేజీ. ఐప్యాడ్‌లో అయితే మెమరీ కార్డు పెట్టే చోటే లేదు. పైన పెట్టే డబ్బు రెండింట్లో ఒకదానికే సరిపోతే స్టోరేజీకి పెట్టండి. ముందే దించుకున్న పాఠాలకి వైఫైతో పనిలేదు, సిమ్‌తో పనిలేదు.

సిమ్ ట్యాబ్ కళ్లు మూసుకుని కొనమని నేను చెప్పేది రోజంతా బయట తిరుగుతూ ట్యాబ్‌తోనే పనిచేసేవాళ్లకి. ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకునేవాళ్లు, రోగుల ఇళ్లకు వెళ్లే నర్సులు, షిఫ్టు మారగానే ట్యాబ్ ఇంకొకరి చేతికి అప్పగించేవాళ్లు. అక్కడ సొంత ఫోన్ హాట్‌స్పాట్ మీద ఆఫీసు పని నడపమనడం అన్యాయం కూడా. ఇంకొకరు, ఫోన్ నెట్‌వర్క్ తరచూ మొరాయించేవాళ్లు. ట్యాబ్‌లో వేరే కంపెనీ సిమ్ పెడితే ఒకటి పోయినా ఒకటి ఉంటుంది. పైగా ట్యాబ్ బ్యాటరీ పెద్దది, అదే ఫోన్‌కి, ల్యాప్‌టాప్‌కి హాట్‌స్పాట్ ఇవ్వగలదు.

ప్రశ్న: కారులో దారి చూడ్డానికి వైఫై ఐప్యాడ్ వాడుతున్నాను. ఫోన్ హాట్‌స్పాట్ కలిపినా మ్యాప్‌లో మన గుర్తు ఒకచోట ఆగిపోయి, కాసేపటికి ఇంకోచోటికి గెంతుతోంది. ఐప్యాడ్ పాడైందా?

పాడవలేదు. దానిలో జీపీఎస్ లేదు. ఐప్యాడ్‌లలో ఉపగ్రహాల సంకేతం అందుకునే భాగం సిమ్ వేసుకునే మోడళ్లకే ఉంటుంది. వైఫై ఐప్యాడ్ చుట్టుపక్కల ఏయే రూటర్లు కనబడుతున్నాయో చూసి, అవి ఉండే చోట్లని బట్టి తానెక్కడుందో అంచనా వేస్తుంది. ఇళ్ల మధ్య నిలబడితే అది పనికొస్తుంది, ఊరు దాటాక రూటర్లే ఉండవు. ఆండ్రాయిడ్‌లో అలా కాదు, వైఫై ట్యాబ్‌లలో కూడా చాలావాటికి జీపీఎస్ ఉంటుంది. అన్నిటికీ ఉండదు కాబట్టి, స్పెసిఫికేషన్లలో జీపీఎస్ అనో జీఎన్ఎస్ఎస్ అనో రాసి ఉందా అని చూసి కొనాలి.

జీపీఎస్ పనిచేయడానికి డేటా అక్కర్లేదన్న సంగతి చాలామందికి కొత్తగా ఉంటుంది. ఆ ఉపగ్రహాలు సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ సంకేతం పంపుతుంటాయి, మన పరికరం వింటుంది, అంతే. డేటా కావాల్సింది మ్యాప్ బొమ్మకి, ట్రాఫిక్ వివరాలకి. అందుకే సిమ్ ఐప్యాడ్‌లో సిమ్ వేయకపోయినా, మ్యాప్ ముందే దించుకుని ఉంటే దారి చూపిస్తుంది. మొదటిసారి చోటు పట్టుకోడానికి కాస్త ఎక్కువసేపు తీసుకోవచ్చు. మీ ఐప్యాడ్‌కి ఇప్పుడు బ్లూటూత్‌తో కలిసే విడి జీపీఎస్ రిసీవర్ కొనుక్కోవచ్చు. కొనేముందు అది ఐప్యాడ్‌తో పనిచేస్తుందని రాసి ఉందో లేదో చూడండి. నన్నడిగితే దారికి ఫోన్ వాడండి, ఐప్యాడ్ వెనక సీటులో పిల్లలకి ఇవ్వండి.

ప్రశ్న: మా అమ్మ ఒక్కతే ఉంటుంది. బటన్ ఫోన్ తప్ప ఏదీ వాడదు, ఇంట్లో నెట్ లేదు. వీడియోలో మనవరాలిని చూడ్డానికి ట్యాబ్ ఇద్దామనుకుంటున్నాను. వైఫై ట్యాబ్, చిన్న రూటర్ ఇస్తే సరిపోతుందా?

మొదటి ప్రశ్నకి రూటర్ మంచిదన్నాను. మీ అమ్మగారికి వద్దు, సిమ్ ట్యాబే ఇవ్వండి.

నేను మా నాన్నగారికి మీరనుకున్నట్టే వైఫై ట్యాబూ జేబు రూటరూ ఇచ్చాను. ముందు రూటర్ మీట నొక్కి పట్టుకోవాలి, దీపం ఆకుపచ్చగా మారేదాకా ఆగాలి, అప్పుడు ట్యాబ్ తీయాలి. ఒక కాగితం మీద పెద్దక్షరాలతో రాసి గోడకి అంటించాను. నెల బాగానే గడిచింది. తర్వాత నాలుగు రోజులు కాల్ రాలేదు. బటన్ ఫోన్‌కి చేస్తే "మీరు పనుల్లో ఉంటారు కదా అని" అన్నారు. వెళ్లి చూస్తే రూటర్ ఛార్జింగ్ అయిపోయి ఉంది. ఆయన ట్యాబ్ చెడగొట్టానేమో అనుకున్నారు. తువ్వాలుతో తెర తుడిచి, మళ్లీ డబ్బాలో పెట్టి, బీరువా మీద దాచారు. ఆ డబ్బా చూశాక నేనింక రెండో ఆలోచన చేయలేదు. సిమ్ ట్యాబ్ తెచ్చి, ఆయన కూర్చునే కుర్చీ పక్కనే ఛార్జర్ బిగించాను. ఛార్జింగ్ పెట్టాల్సింది ఒకటే, తెరవాల్సింది ఒకటే.

కొనేముందు ఒక పని చేయండి. ఏ కంపెనీ సిమ్ వేద్దామనుకుంటున్నారో ఆ సిమ్ మీ ఫోన్‌లో పెట్టుకుని, అమ్మగారు రోజూ కూర్చునే చోటే కూర్చుని పది నిమిషాలు వీడియో కాల్ మాట్లాడండి. వాకిట్లో అందిన సిగ్నల్ లోపలి గదిలో అందకపోవచ్చు. సిమ్ గడువు తేదీ మీ ఫోన్‌లో గుర్తు పెట్టుకుని రీఛార్జ్ మీరే చేయండి. యాప్‌ల అప్‌డేట్లు ఆపి ఉంచి, మీరు వెళ్లినప్పుడల్లా మీ హాట్‌స్పాట్ మీద చేయించండి. వీడియో కాల్‌కి ఫోన్ నంబరుతో ముడిపడనిది ఎంచుకోండి. ఫేస్‌టైమ్ ఆపిల్ ఖాతాతో, గూగుల్ మీట్ గూగుల్ ఖాతాతో నడుస్తాయి.

ప్రశ్న: సిమ్ ట్యాబ్ కొంటే ఫోన్ మానేయొచ్చా? ఓటీపీలు దానికే వస్తాయా?

ఐప్యాడ్ అయితే కుదరదు. అందులో సిమ్ డేటా కోసమే, మామూలు కాల్స్ మాట్లాడటం, ఆ నంబరుకి ఎస్సెమ్మెస్‌లు అందుకోవడం ఉండవు. ఓటీపీ కోసం ఫోన్ ఉండాల్సిందే. ఆండ్రాయిడ్ సిమ్ ట్యాబ్‌లలో కొన్నిటికి కాల్స్ సదుపాయం ఉంటుంది, "వాయిస్ కాలింగ్" అని రాసి ఉంటేనే నమ్మండి. వాట్సాప్ 2025 మే నుంచి ఐప్యాడ్‌కి కూడా వచ్చింది, ఫోన్‌లోని ఖాతాకి జతగా నడుస్తుంది. ఫోన్ ఆన్‌లో లేకపోయినా పనిచేస్తుంది గానీ, ఫోన్‌లో వాట్సాప్ 14 రోజులు తెరవకపోతే జత తెగిపోతుంది.

ప్రశ్న: సిమ్ మోడల్ అన్నారు, తీరా చూస్తే ట్యాబ్‌కి సిమ్ పెట్టే ట్రే లేదు. మోసపోయానా?

మోసం కాకపోవచ్చు. 2024లో వచ్చిన ఎం4 ఐప్యాడ్ ప్రో, ఎం2 ఐప్యాడ్ ఎయిర్ సెల్యులార్ మోడళ్లలో ట్రే తీసేశారు, ఈ-సిమ్ ఒక్కటే, అంటే విడిగా కార్డు వేయకుండా లోపలే ఉండే సిమ్. సెట్టింగ్స్‌లో "సెల్యులార్ డేటా" అని కనబడితే మీది సిమ్ మోడలే. మీ సిమ్ కంపెనీ వాళ్లని ఫోన్‌కి కాదు, ట్యాబ్‌కి ఈ-సిమ్ ఇస్తారా అని ప్రత్యేకంగా అడగండి. ట్యాబ్ వేరే దేశం నుంచి తెప్పించుకున్నదైతే ఇంకో రెండు చూసుకోవాలి: అది ఒకే కంపెనీకి లాక్ అయి ఉందా, మీ సిమ్ కంపెనీ వాడే 4జీ, 5జీ బ్యాండ్లు (సిగ్నల్ వచ్చే తరంగాల శ్రేణులు) అందులో ఉన్నాయా. వాపసు గడువు దాటకముందే ఈ మూడూ తేల్చుకోండి.