సూదికి భయపడి కత్తికి ఒప్పుకోకండి

ప్రశ్న: మాది చీపురుపల్లి దగ్గర పల్లె. మా అమ్మకు 52 ఏళ్లు. ఎడమ రొమ్ములో గడ్డ ఉందని సంక్రాంతికి వెళ్లినప్పుడు చెప్పింది. నొప్పి లేదు కదా అని అప్పటిదాకా ఎవరితోనూ అనలేదట. దగ్గర్లో ఒక క్లినిక్‌లో చూపిస్తే చిన్న ఆపరేషన్ చేసి గడ్డ తీసేద్దాం అన్నారు. మా మేనత్తేమో సూది పొడిపిస్తే క్యాన్సర్ ఒళ్లంతా పాకిపోతుంది, పరీక్షలేవీ వద్దంటోంది. నిజంగా క్యాన్సరే అయితే రొమ్ము మొత్తం తీసేయాలా? నాకు 29, నాకూ వస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.
– పేరు వద్దన్నారు, విజయనగరం జిల్లా

జవాబు: అమ్మా, ముందు ఆ చిన్న ఆపరేషన్ ఆపించండి. గడ్డ ఏమిటో తేలకుండా కత్తి పెట్టించకూడదు. రొమ్ములో వచ్చే గడ్డల్లో ఎక్కువ మామూలువే, అయినా 52 ఏళ్ల వయసులో కొత్తగా కనిపించిన గడ్డను తేల్చుకోవాల్సిందే. నొప్పి లేదన్న ధైర్యం అసలు వద్దు, క్యాన్సర్ గడ్డ మొదట్లో చాలామందికి నొప్పి పెట్టదు. ఒకవేళ అది క్యాన్సరే అయ్యుండి ముందే కోసేశారనుకోండి, అంచుల్లో ఏమైనా మిగిలిందేమో తెలియక అదే చోట మళ్లీ కోయాల్సి రావచ్చు, రొమ్మును కాపాడే అవకాశం తగ్గుతుంది, పైగా కొన్ని రకాలకు ముందు కీమో ఇచ్చి గడ్డ కరుగుతోందో లేదో చూసుకుని తర్వాత ఆపరేషన్ చేస్తారు, ఆ దారీ మూసుకుపోతుంది. తీసిన గడ్డను ల్యాబ్‌కి పంపకుండా పారేస్తే ఇంకా ఘోరం.

మీ మేనత్తగారిని కసురుకోకండి, వీలైతే వెంట తీసుకెళ్లండి. బాగా ముదిరాక ఆసుపత్రికి వెళ్లినవాళ్లకు బయాప్సీ (సూదితో చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) చేసిన కొద్ది రోజులకే పరిస్థితి దిగజారితే చూసినవాళ్లు సూదినే తప్పుపడతారు, అప్పటికే పాకేసిందన్న సంగతి వాళ్లకు తెలియదు. బయాప్సీ సూది వల్ల జబ్బు ఒళ్లంతా పాకదు. డాక్టరు చేత్తో చూశాక రెండు రొమ్ములకూ మామోగ్రామ్ (రొమ్ము ఎక్స్‌రే), చంకతో సహా స్కానింగ్ చేస్తారు. ఆ తర్వాత ట్రూకట్ బయాప్సీ. తిమ్మిరి ఇంజెక్షన్ ఇచ్చి, స్కాన్‌లో చూస్తూ సూది దింపుతారు, టక్కుమని చప్పుడవుతుంది, సేమియా పుల్లంత సన్నటి ముక్క వస్తుంది. అలాంటివి నాలుగైదు తీసి ఫార్మలిన్ సీసాలో వేసి, ఆ చోట కాసేపు గట్టిగా అదిమిపట్టి, పట్టీ వేసి అదే రోజు ఇంటికి పంపేస్తారు. క్యాన్సర్ అని వస్తే ఈఆర్, పీఆర్, హర్-2 పరీక్షలు కూడా చేయమనండి, ఏ మందు పనిచేస్తుందో వాటిని బట్టే తెలుస్తుంది.

ఇవన్నీ విశాఖలో కేజీహెచ్‌లోనూ, గాజువాక దాటాక అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఉన్నాయి. ఎన్టీఆర్ వైద్య సేవ (మనం ఆరోగ్యశ్రీ అనేదే) కింద క్యాన్సర్ ఆపరేషన్, కీమో, రేడియేషన్ వస్తాయి. రేషన్ కార్డు, ఆధార్ దగ్గర పెట్టుకుని ఆరోగ్యమిత్రను కలవండి.

ఇక రొమ్ము మొత్తం తీయాలా అన్నది. చాలామందికి అక్కర్లేదు. గడ్డను చుట్టూ కొంత మంచి కండతో సహా తీసి రేడియేషన్ ఇస్తే, మొత్తం తీసేసినవాళ్లు ఎంతకాలం బతుకుతున్నారో వీళ్లూ అంతే బతుకుతున్నారని అమెరికాలో ఫిషర్, ఇటలీలో వెరొనేసి చేసిన పరిశోధనలు 20 ఏళ్లు గమనించి 2002లోనే తేల్చాయి. గడ్డ మరీ పెద్దదైనా, ఒకే రొమ్ములో దూరదూరంగా చాలా గడ్డలున్నా మొత్తం తీయాల్సి రావచ్చు. అయితే రేడియేషన్‌కి వారానికి ఐదు రోజులు, మామూలుగా మూడు వారాల పాటు వెళ్లాలి. రోజూ రైలెక్కి విశాఖ వెళ్లి రావడం కష్టమని రొమ్మే తీయించేసుకునేవాళ్లున్నారు, నాకు చాలా బాధగా ఉంటుంది. ఆ మూడు వారాలు ఉండటానికి విశాఖలో చుట్టాలెవరున్నారో ఇప్పుడే ఆలోచించుకోండి. మొత్తం తీసినా కొందరికి రేడియేషన్ తప్పదు, అదీ ముందే అడగండి.

చంకలో గడ్డలు తగలకపోతే సెంటినెల్ పరీక్ష అని, జబ్బు రొమ్ము దాటితే ముందుగా చేరే ఒకటి రెండు చంక గ్రంథులే తీసి చూస్తారు. అన్నీ తీసేస్తే తర్వాత చెయ్యి వాచే ప్రమాదం ఎక్కువ, కాబట్టి ఈ పరీక్ష చేస్తారా అని తప్పకుండా అడగండి. ఆపరేషన్ తర్వాత పక్కన ఒక డ్రెయిన్ గొట్టం కొన్నాళ్లు ఉండొచ్చు. రోజూ ఎంత నీరు వచ్చిందో కొలిచి నోట్‌బుక్‌లో రాసి పెట్టండి, దాన్ని చూసే తీసేస్తారు. గోడ మీద వేళ్లు పాకిస్తూ చెయ్యి పైకెత్తే వ్యాయామం డాక్టరు చెప్పిన రోజు నుంచే మొదలుపెట్టించండి, లేకపోతే భుజం బిగుసుకుపోయి జడ వేసుకోవడానికి కూడా చెయ్యి లేవదు.

మీ సంగతికి వస్తే, అమ్మకు వచ్చినంత మాత్రాన మీకు వచ్చి తీరుతుందని లేదు. వంశపారంపర్యంగా జన్యువుల వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది మాత్రమే. అమ్మకు క్యాన్సర్ అని తేలితే, ఇంట్లో ఇంకెవరికైనా రొమ్ము క్యాన్సర్ గానీ అండాశయ క్యాన్సర్ గానీ వచ్చిందేమో కనుక్కోండి. అమ్మమ్మ వైపే కాదు, నాన్నగారి వైపు కూడా అడగాలి. అలా ఉంటే బీఆర్‌సీఏ జన్యు పరీక్ష గురించి డాక్టరును అడగండి, అది ముందు అమ్మకు చేశాకే మీకు. ఎవరికీ లేకపోతే మీకు 40 వచ్చాక మామోగ్రామ్ మొదలుపెడితే సరిపోతుంది. ఈలోపు గడ్డ తగిలినా, చర్మం లోపలికి లాగినట్టు గుంట పడినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా అమ్మలా పండగ దాకా ఆగకండి.