సమాధానం: ఓట్స్ కుకీలు చల్లారగానే గట్టిపడుతుంటే

అక్కా, కప్పు ఓట్స్‌కు కప్పు ప్రోటీన్ పౌడర్ వేసి, 180 డిగ్రీల్లో 18 నిమిషాలు పెడితే కుకీలు కొరకలేనంత గట్టిగా వస్తున్నాయన్నారు కదా. తప్పు ఓట్స్‌ది కాదు, పౌడర్‌ది. అందులో ఉండే వే ప్రోటీన్ (పాల విరుగుడు నీళ్ల నుంచి తీసేది) వేడికి బిగుసుకుపోతుంది, తేమంతా లాగేస్తుంది. దాన్ని పావు కప్పుకు తగ్గించండి. ఆ లోటు మన అనంతపురం చెనక్కాయలు తీరుస్తాయి: 100 గ్రాముల గింజల్లో సుమారు 25 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది, పైగా వాటి నూనె కుకీని మెత్తగా ఉంచుతుంది. దోరగా వేయించి, పొట్టు చెరిగి, మిక్సీలో ఆపి ఆపి తిప్పండి. పొడి గిన్నె అంచులకు అంటుకుంటున్నా ఆపకండి, ఇంకాస్త తిప్పితే ముద్దవుతుంది, మనకు కావలసింది అదే. పీనట్ బటర్ డబ్బా కొనాల్సిన పనే లేదు.

కప్పు ఓట్స్‌కు ప్రోటీన్ పౌడర్ పావు కప్పు, ఆ చెనక్కాయల ముద్ద అరకప్పు, బెల్లం పొడి అరకప్పు, గుడ్డు ఒకటి, పెరుగు రెండు చెంచాలు, వంటసోడా పావు టీస్పూన్, చిటికెడు ఉప్పు. కలిపాక అరగంట పక్కన పెట్టండి, ఓట్స్ తడి పీల్చుకోవాలి. ఇదొక్కటి మాత్రం వదలొద్దు. 170 డిగ్రీల్లో 10-12 నిమిషాలు చాలు. అంచులు ఎర్రబడి, నడిమధ్య వేలితో నొక్కితే ఇంకా దిగబడుతున్నప్పుడే తీసేయండి. ట్రే మీదే చల్లారనిస్తే విరగకుండా నిలబడతాయి.